పడమటి గోడ

బోర్డుకి కరెంటిస్తే తెర మీద ఒక్క అక్షరమైనా పడాలి. పడదు. నల్లటి తెరలో తెల్లగీత ఒకటి మిణుకుమంటూ ఉంటుంది, అంతే. తప్పుందని తిట్టినా బాగుండేది. తిట్టడానికైనా అది నిద్ర లేవాలి కదా.

పాలకేంద్రాల్లో పాలలో వెన్న ఎంతుందో కొలిచే యంత్రంలోది ఆ బోర్డు. పాత చిప్పు తయారీ ఆగిపోయింది. కొత్త చిప్పు మీదికి కెర్నల్‌ని మార్చే పని తిరుపతిలోని మా చిన్న ఆఫీసుకొచ్చింది. కెర్నల్ అంటే యంత్రంలో అందరికంటే ముందు లేచి మిగతావాళ్ళకి పనులు పురమాయించే ప్రోగ్రాం. వీధిలో ఇళ్ళకున్నట్టే మెమరీలో ప్రతి చోటుకీ ఒక నెంబరుంటుంది. కొత్త చిప్పులో ఆ నెంబర్లు వేరే దగ్గర మొదలవుతాయి. ఆ తేడాని ఆఫ్‌సెట్ అంటాం. దాన్ని సెట్టింగుల్లో సరిగ్గా రాస్తే మిగతావన్నీ వాటంతటవే సర్దుకోవాలి. రాశాను. సర్దుకోలేదు.

నెలాఖరుకి బోర్డు లేవకపోతే తిరుపతి ఆఫీసు మూసేసి అందరినీ బెంగుళూరు పంపిస్తారని మేనేజరు ఖరాఖండీగా చెప్పేశాడు. మిగతావాళ్ళకి అది బదిలీ. నాకు మాత్రం అమ్మని మళ్ళీ ఇల్లు మార్చడం.

అమ్మకి షుగరు వల్ల చూపు పోయి కొన్నేళ్ళయింది. చిత్తూరులో పాత అద్దింట్లో ఉన్నంతకాలం ఆ సంగతి కొత్తవాళ్ళకి తెలిసేది కాదు. మంచం దిగి పొయ్యి దగ్గరికి, అక్కణ్ణించి వాకిట్లోకి, చెయ్యి కూడా చాపకుండా నడిచేది. ఇంటి ఓనరు ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతానన్నాడు. ఆఫీసు దగ్గరగా ఉంటుందని తిరుపతికి తీసుకొచ్చాను. వచ్చిన మర్నాడు మంచం దిగి, ధీమాగా నడిచి, నేరుగా గోడకి కొట్టుకుంది.

"ఈడ వాకిలుండాల కదా పాపా, యాడికి పోయింది?"

మొదటిసారి నవ్వింది. నుదురు మళ్ళీ బొప్పి కట్టాక నవ్వలేదు. చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పేదాన్ని. బుర్రకి అర్థమయ్యేది, కాళ్ళు మాత్రం చిత్తూరులోనే నడిచేవి. కొన్నాళ్ళకి మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. ఎందుకని గద్దిస్తే, "తాగితే బాత్రూముకు పోవాల కదా" అంది. నాకు ముక్కు మీద కోపం. ఆ రోజు మాత్రం కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

మేం తెలుగు మాట్లాడే ముస్లింలం. నమాజు అరబ్బీలో, మిగతాదంతా, తిట్లతో సహా, తెలుగులో. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ చాప పరుచుకుని బీరువా వైపు తిరిగి నమాజు చేస్తోంది. మేం తిరగాల్సింది పడమరకి. బీరువా ఉన్నది తూర్పున. చిత్తూరింట్లో మంచానికి ఎదురుగోడ పడమర. నేనెంత చూపించినా ఒళ్ళు మళ్ళీ ఎదురుగోడకే తిరిగింది. ముగిసేదాకా ఆగి చెప్పాను.

"ఇన్ని దినాలూ అల్లాకు ఈపు తిప్పి కూసున్నానా?"

తెలియక చేస్తే తప్పులేదని ఎంత చెప్పినా వినలేదు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇంట్లో అట్లా, ఆఫీసులో ఇట్లా. నాకు దిక్కు తోచలేదు.

తోచక, బోర్డు మీదుండే చిన్న దీపాన్ని పట్టుకున్నాను. కెర్నల్ మొదటి లైను తర్వాత ఆ దీపం వెలిగించమని రాశాను. వెలిగింది. ఆ ఆజ్ఞని ఒక్కో లైను కిందికి జరుపుతూ పోయాను. ఒకచోట వెలగడం మానేసింది. లేవగానే కెర్నల్ చదివే ఆ లైన్లు ఎవరో చేత్తో రాసినవి. సెట్టింగులు మార్చినా అవి మారవు. అక్కడ పాత చిప్పు నెంబరే ఉండిపోయింది. పాపం, అది లేస్తూనే ఉంది. లేచి, పాత వాకిలి వైపు నడుస్తోంది. నాకు అమ్మ నుదురు గుర్తొచ్చింది.

నెంబరు మార్చాను. తెర నిండా అక్షరాలు. అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికెళితే అమ్మ గోడలు తడుముతోంది. ఒక గోడ దగ్గర ఆగి రెండు అరచేతులూ ఆనించింది.

"ఈ గోడ కాలతా ఉండాది పాపా. పొద్దు గూకేది ఈపక్కే కదా?"

అదే పడమర. చాప అటే పరుచుకుంది. తర్వాత ఆ గోడకి వీపు ఆనించి బయల్దేరి, బాత్రూమూ వంటిల్లూ ఒక్కొక్కటే తనే వెతికి పట్టుకుంది. ఒకరోజు చెంబెడు నీళ్ళు గటగటా తాగింది. ఇక మాకు ఢోకా లేదనుకున్నాను.

నెలాఖరుకి మేనేజరు మిఠాయి పంచాడు. ఆ నోటితోనే, పని పూర్తయింది కాబట్టి ఇక్కడ ఇంక ఆఫీసెందుకని పైవాళ్ళు అంటున్నారని చెప్పాడు. లేవకపోతే మూస్తామన్నవాళ్ళు లేచిందని మూస్తున్నారు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదేనని మొహం మీదే అరిచాను. అరిచి ఏం లాభం? ఈ ఊళ్ళో నాకీ పని ఇచ్చేవాళ్ళు వేరే లేరు. నా జీతం లేకపోతే అమ్మకి ఇన్సులిన్ లేదు.

సాయంత్రం నమాజయ్యాక, బెంగుళూరు వెళ్ళాలని అమ్మకి చెప్పాను. అమ్మ గోడకి చెయ్యి ఆనించే వింది.

"ఆడ ఇంటి గోడకు ఎండ తగుల్తాదా పాపా?"

బెంగుళూరులో ఆఫీసువాళ్ళు చూసిపెట్టిన ఇంటి ఫోటో నా ఫోనులో ఉంది. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు చేతికందుతుంది.

"తగుల్తాదిమ్మా," అన్నాను.