ఊయలలో పడుకోబెట్టిన బొమ్మ

దెయ్యాలంటే భయం లేదని గొప్పలు చెప్పను. అసలు వాటి గురించి ఆలోచించే తీరికే నాకెప్పుడూ లేదు. ప్రోగ్రాములో తప్పు వచ్చిందంటే ఎక్కడో ఒక లైను వల్లే వస్తుంది, అది దొరికేదాకా వెతకాలి అనుకునే మనిషిని. ఈ బొమ్మ విషయంలో మాత్రం ఆ లైను ఇంతవరకు దొరకలేదు.

కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడికీ వీసా వస్తున్న రోజులవి. సింగపూర్‌లో బూన్ లే దగ్గర అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం, నేనూ మా ఆవిడ పద్మా. మాకు నెలలు నిండకుండానే పాప పుట్టింది. పద్మను ఇంటికి పంపేశారు కానీ పాపను హాస్పిటల్లోనే గాజుపెట్టెలో ఉంచారు. నాకు పొద్దున ఆఫీసు, సాయంత్రం హాస్పిటల్. రైల్లో నిలబడే కునికిపాట్లు పడేవాణ్ణి. పద్మ ఏడవడం కూడా మానేసింది. ఏడవడానికీ ఓపిక ఉండాలి కదా.

మా అత్తగారు కాకినాడలో వీసా కోసం ఎదురుచూస్తూ రోజూ ఫోన్‌లో జాగ్రత్తలు చెప్పేవారు. "ఊయల కొన్నాక ఖాళీగా ఉంచకండి బాబూ. పాప వచ్చేదాకా పద్మ బొమ్మను పడుకోబెట్టండి" అన్నారు. వాళ్ళింట్లో అదొక పద్ధతి. బిడ్డకంటే ముందు చెక్క బొమ్మను ఊయల ఎక్కిస్తారు. బిడ్డకు తగలాల్సిన దెబ్బలు బొమ్మకు తగిలి పోతాయని నమ్మకం. పద్మ చిన్నప్పుడు ఆడుకున్న ఆ బొమ్మ పెళ్ళి సామానుతో పాటు మా ఇంటికి, అక్కడి నుంచి సింగపూర్‌కు వచ్చింది.

తిరుపతిలో అమ్మే ఎర్రచందనం బొమ్మ, జానెడు ఉంటుంది. కుడి భుజం మీద ఎప్పుడో దీపం సెగకు కాలిన నల్ల మచ్చ. ఎడమ మడమను పద్మ పళ్ళు వచ్చే వయసులో కొరికి కొరికి గుంటలు చేసింది. గుండె మీద నిలువునా పగులు.

"ఇలాంటి దాన్ని నా కూతురి ఊయల్లో ఎలా పెడతామండీ? కొత్తదాన్లా చేసిపెట్టండి" అంది పద్మ. పాప పుట్టాక తను నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదలు. కాదనలేకపోయాను.

లిటిల్ ఇండియాకు కూరగాయలకు వెళ్ళినప్పుడు గరుకు కాగితం, జిగురు కొనుక్కొచ్చాను. వంటింటి వెనక బట్టలారేసే చోట కూర్చుని, మచ్చ పోయేదాకా భుజాన్ని రుద్దాను. రాలిన పొడి పారేయలేదు. జిగురులో కలిపితే గుంటలు నింపడానికి అదే రంగు ముద్ద తయారవుతుంది.

మర్నాడు హాస్పిటల్లో పాప కుడి భుజం మీద నల్లటి మచ్చ కనిపించింది. అంతకుముందు రోజు లేదు. నర్సును అడిగితే "ప్లాస్టర్ మార్క్ లా, డోంట్ వర్రీ" అంది, అక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో. నేనూ అదే అనుకున్నాను.

తర్వాత మడమ గుంటలు నింపి నున్నగా చేశాను. మర్నాటికి పాప ఎడమ మడమ కమిలిపోయి, చిన్న చిన్న గుంటలు పడి ఉంది. పరీక్షలకు రక్తం తీసింది అక్కడే అయి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. నర్సు మాత్రం పాదాన్ని తిప్పి తిప్పి చూసింది. "బ్లడ్ అంతా రైట్ సైడ్ నుంచే తీశాం సార్" అంది. ఆమె ముఖంలో నవ్వు లేదు.

అప్పుడైనా నాకు తట్టిందా అంటే, లేదు. నిద్రలేని బుర్రకు రెండూ రెండూ కలపడం కూడా బరువే. ఇంటికి వెళ్తే పద్మ బొమ్మ అయిందా అని అడుగుతోంది. మిగిలింది పగులు ఒక్కటే.

ఒక సాయంత్రం కూర్చుని ఆ పగులులోకి ముద్ద నొక్కుతున్నాను. సగం నిండింది. ఫోన్ మోగింది. పాప ఊపిరి సరిగ్గా తీసుకోవడం లేదు, వెంటనే రమ్మని హాస్పిటల్ వాళ్ళు చెప్పారు.

పద్మ చెప్పులు వేసుకుని తలుపు తీసి నిలబడింది. నేను మాత్రం వెనక్కి వెళ్ళి, చెంచా కాడతో ఆ ముద్దను గీకడం మొదలుపెట్టాను.

"మీకేమైనా పిచ్చెక్కిందా? పిల్ల అక్కడ అలా ఉంటే బొమ్మేంటండీ!" అని అరుస్తోంది. నా చేతులు ఆగలేదు. ఆఖరి పిసరు దాకా తీసి, తడిగుడ్డతో తుడిచాకే లేచాను. ఎందుకు చేస్తున్నానో తెలియదు. అది పూర్తికాకుండా అడుగు పడలేదు, అంతే.

మేం వెళ్ళేసరికి పాప నిద్రపోతోంది. తాము ఏదైనా చేసేలోపే తనంతట తానే ఊపిరి అందుకుందని డాక్టర్ చెప్పాడు. నెలలు నిండని పిల్లల్లో ఇలా జరుగుతుందట. నిజమే అయి ఉంటుంది. సరిగ్గా ఎప్పుడు అందుకుందని నేను అడగలేదు. జవాబు వినాలంటే భయం వేసింది.

పాప ఇంటికొచ్చింది. ఆ పగులు మాత్రం అలాగే ఉంచేశాను. ఓపిక లేదన్నాను, పద్మ నమ్మింది.

మా అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. భుజం మీది మచ్చను పుట్టుమచ్చ అనుకుంటుంది. మొన్న అలమార సర్దుతూ బొమ్మను బయటికి తీసింది. "నాన్నా, సో సింపుల్ లా, ఈ క్రాక్ ఒక్కటి ఫిల్ చేస్తే చాలు" అంది.

వద్దని అరిచాను. నా గొంతు అంత గట్టిగా లేస్తుందని నాకే తెలియదు. అది బెదిరిపోయి, "వై?" అని అడిగింది.

ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నదీ అదే. దాని చేతిలోంచి బొమ్మను తీసుకుని, నా కూతురు ఊపిరి తీసుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను.