రేకుల ఇళ్లు లేని నాచారం

చిన్నప్పుడు నేను బడిలో మా నాచారం మ్యాపు గీసి బహుమతి కొట్టానని మా అన్నయ్య ఇప్పటికీ అందరికీ చెబుతాడు. శుద్ధ తప్పు. నేను గీసింది సగం నాచారమే.

ఇప్పుడు ఉప్పల్‌లో టీచర్ని. నిన్న క్లాసులో తెరమీద ఉపగ్రహ మ్యాపు చూపిస్తుంటే, "టీచర్, జర పెద్దగ చెయ్యున్రి! గా రేకులదే మా ఇల్లు!" అని ఒక పిల్ల ఎగిరి గంతేసింది. ఎండకు మెరుస్తున్న ఆ రేకులను చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

ఆనాడు నా బెంచీలో కూర్చునే సుజాత నా మ్యాపంతా వెతికి, "మా ఇల్లేదే?" అంది. మ్యాపులంటే స్లాబు ఇళ్లకేననుకుని వాళ్ల బస్తీని నేను గీయనే లేదు.

"మీవి రేకుల ఇళ్లు. మ్యాపులో రావు," అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

"గట్లనా? సరే తియ్," అంటూ చెట్లకు రంగేసుకోమని తన ఆకుపచ్చ స్కెచ్‌పెన్ నా చేతిలో పెట్టింది.

నా మాట నమ్మిందా, లేక నమ్మినట్టు నటించి నా పరువు కాపాడిందా?