దొంగలకు వండిన పొయ్యి

బోటాటౌంగ్ రేవు పక్క సందులో ఉండే ఢిల్లేశ్వరరావు, ఇంట్లో పొయ్యి వెలిగితే చాలు, లేచి వెళ్ళి ఆర్పేస్తాడు. ఒకప్పుడు సరుకు ఓడలో వంటవాడు. మాట్లాడేటప్పుడల్లా వేలు మెడ మీదికి పోతుంది. ఓడ ఎక్కిన సముద్రపు దొంగలు అక్కడే తుపాకీ ఆనించి అన్నం వండమన్నారు. తిన్నారు, మళ్ళీ వండమన్నారు. అప్పుడు జరిగిన పెనుగులాటలో పొయ్యి నుంచి మంటలు లేచి ఓడ కాలి మునిగింది.

ఇప్పుడు ఓడ యజమానికీ బీమా కంపెనీకీ కోర్టులో తగాదా. వంటపొయ్యి వల్ల కాలిందని తేలితే బీమా డబ్బు రాదు. పొయ్యి ముట్టించనే లేదని, దొంగలే ఓడ తగలబెట్టారని చెప్పమన్నాడు యజమాని వకీలు. నిన్న బోనెక్కాక ఢిల్లేశ్వరరావుకి ఆ అబద్ధం నోట రాలేదు.

“పొయ్యి వెలుగుతోందా, లేదా?” అన్నాడు బీమా వకీలు.

“ఎలుగుతోందయ్యా. కానీ నా మెడ మీద...”

“చాలు, కో ఢిల్లీ,” అని పేరు ముందు అక్కడి మర్యాదమాట ‘కో’ తగిలించి ఆపాడు బీమా వకీలు. “అడిగినదానికే చెప్పు.”

యజమాని వకీలు మొహం తిప్పుకున్నాడు. వంటవాడే ఓడ ముంచాడని సాయంత్రానికి రేవంతా చెప్పుకుంది.

ఇవాళా గ్యాసు కట్టేశాడు. “అన్నం ఉడకనేదు, అప్పుడే కట్టీసావేటి?” అంటూనే భార్య సుధ ఆ పలుకన్నమే వడ్డించింది.

అతను ముద్ద నమిలి మింగాడు.

“ఎలిగిందా అనే అడిగినారు. ఎవులు ఎలిగించమన్నారో అడగనేదు. ఆ దొంగలే నయమే. తిని, బాగుందన్నారు.”