టీవీలో మొదలైన దగ్గు

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్న గ్రహాంతరవాసుల సీరియల్‌కు పదేళ్లు నిండాయని, మొన్న వేసవిలో ఓ ఆదివారం మధ్యాహ్నం ప్రత్యేక ఎపిసోడ్ వేశారు. మావారు, అమ్మాయి, నేను ముగ్గురం ముందుగదిలో టీవీ ముందు చేరాం. మధ్యగదిలో మిరపకాయల బస్తాలున్నాయి. దాని వెనకగదిలో ఆయాసం మనిషి మా అత్తయ్య తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది.

కథలో కంటికి కనపడని విషగాలి ఒకటి ఊరిమీద పడింది. జనం ఒకరి తర్వాత ఒకరు దగ్గసాగారు. "తలుపులు మూసేయండి!" అని హీరో అరిచాడు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి దగ్గింది. మేం నవ్వాం. తర్వాత మావారు దగ్గారు. నా గొంతు మండి కళ్లు నీళ్లు కారాయి.

"ఎవరో వీధిలో పనికిరాని తాలు మిరపకాయలు తగలబెడుతున్నారు, కిటికీలు ముయ్యవే!" అన్నాను.

అన్నీ మూశాం. దగ్గు తగ్గకపోగా ఊపిరాడలేదు.

అప్పుడు లోపల్నుంచి అత్తయ్య గొంతు పీలగా వినిపించింది. "వీధిలో కాదే అమ్మాయ్... మనింట్లోనే!"

స్విచ్‌బోర్డు నుంచి రాలిన నిప్పురవ్వకు మధ్యగదిలో బస్తా రాజుకుంది. మంట లేదు, ఒకటే పొగ. మావారు తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని ఆ పొగలోంచే అత్తయ్యను ఎత్తుకొచ్చారు. మనిషి దక్కింది.

ఆ ఎపిసోడ్ చివర ఏమైందో మాకు ఇప్పటికీ తెలియదు. ముప్పు బయటినుంచే వస్తుందనుకుని, దాన్ని లోపల పెట్టి గడియ వేసుకున్నాం. ఇప్పుడు టీవీలో ఎవరు దగ్గినా ముగ్గురం ముందు మధ్యగది వైపే చూస్తాం.