నబీ సాయిబు దమ్ము గోలి

గులాం నబీకి పని ఎంత వచ్చో గానీ, దాని గురించి చెప్పుకోవడం మాత్రం బ్రహ్మాండంగా వచ్చు. నల్లగొండ బస్టాండు పక్కన రేకుల దుకాణం ఆయనది. పొద్దున గిన్నెలకు కలాయి పూసేవాడు, పొద్దెక్కాక స్నానాల నీళ్లు కాచే రాగి బాయిలర్లు బాగుచేసేవాడు. ఆ రోజుల్లో ఊళ్లో బాయిలరున్న ఇళ్లు గుప్పెడే, అవీ వకీళ్లవీ పెద్ద ఉద్యోగులవీ. కానీ ఆయన మాటలు వింటే జిల్లా అంతా ఈయన దయవల్లే వేన్నీళ్లు పోసుకుంటోందేమో అనిపించేది.

ఆయన గొప్పంతా ఒక్క గోలిలో ఉంది. బాయిలరు నడిమి గొట్టంలో బొగ్గులు మండుతుంటే చుట్టూ నీళ్లు కాగుతాయి కదా, మరీ కాగితే ఆవిరి ఎటు పోవాలి? పైమూతకు ఓ బెజ్జం, బెజ్జం మీద రేగుపండంత ఇత్తడి గోలి. ఆవిరి ముదిరితే గోలి లేచి కుయ్యిమంటుంది, పోగానే మళ్లీ బుద్ధిగా కూర్చుంటుంది. అయితే మన నల్లగొండ నీళ్ల సంగతి తెలిసిందే. నాలుగు నాళ్లకే ఉప్పు పేరుకొని గోలి బిగుసుకుపోతుంది. అప్పుడిక లేచేది గోలి కాదు, మూత! ఓసారి అలా లేచిన మూత గోడ దాటి పక్కింటి వాళ్ల అప్పడాల మీద వాలింది.

ఆవిరిని దమ్ము అంటారు కాబట్టి నబీ దానికి 'దమ్ము గోలి' అని పేరు పెట్టాడు. పెట్టి ఊరుకుంటే బాగుండేది. "నబీ గోలి పడ్డదంటె దమ్ము ఫికరే లేదు!" అని బస్టాండంతా చాటాడు.

"జర మెల్లగ చెప్పుర్రి. ఏ రోగమున్నోళ్లో ఇంటరు" అనేది భార్య అజీజా బేగం. ఆయాసాన్నీ దమ్మే అంటారనీ, మందుబిళ్లనీ గోలియే అంటారనీ ఆమెకు తట్టింది. ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఓ చలికాలం పొద్దున, వకీలు రామచంద్రయ్య భార్య అరుణమ్మ పంపే మనిషి కోసం నబీ ఎదురుచూస్తున్నాడు. వాళ్ల గోలి పాడైంది, కొత్తది కావాలని ముందురోజే కబురొచ్చింది. ఇంతలో ఒక ముసలమ్మ వచ్చి దుకాణం ముందు కూలబడింది.

"దమ్ము గోలి ఇచ్చే సాయబువు నువ్వేనా, కొడుకా?"

"నేనే అవ్వా! జిల్లాల ఇంకెవడున్నడు?"

"రాత్రంత ఒకటే కూత."

"కూత పెడితె మంచిదే, దమ్ము బయటికి పోతున్నట్టు. కూత బందైతెనే ఫికర్."

"పాత గోలి పనిచేస్తలేదు."

"పాతది తీసినంకనే కొత్తది ఎయ్యాలె. దాని మీద ఇది ఏస్తివా, పేలుతది!"

ముసలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "అయ్యో, పాతది నిన్ననే లోపటికి పోయింది గద!"

"లోపటికి పోయిందా? అయితె అడుక్కు పోయి కూసుంటది. ఇద్దరు పట్టుకొని, బోర్లేసి, బాగ కుదపాలె."

"గీ వయసులనా?"

"వయసుతోని పనేందవ్వా? ఎంత పాతదైనా సొట్టలు లేకుంటె చాలు."

"మరి లోపట మంటుంటె?"

"మంట సల్లారినంకనే ఎయ్యాలె."

నబీ పెట్టెలోంచి తీసిచ్చిన గోలిని ముసలమ్మ కొంగున ముడేసుకొని లేచింది. "సల్లగుండు బిడ్డా! మాది నార్కట్‌పల్లి. బీరప్ప తల్లి బక్కమ్మనంటె ఎవలన్న చెప్తరు" అని బస్సెక్కి పోయింది. వకీలు ఇంటి మనిషి బస్సెందుకు ఎక్కిందన్న ఆలోచనే రాకుండా, ఇంత శ్రద్ధగా బాయిలరు జాగ్రత్తలు అడిగిన మనిషిని పుట్టాక చూడలేదని నబీ మురిసిపోయాడు.

ఆ మురిపెం తీరకముందే వకీలు ఇంటి పనిమనిషి ఐలేశం వచ్చాడు. "సాయబూ, అమ్మ గోలి తెమ్మన్నది."

"గిప్పుడే మీ ముసలమ్మకు ఇస్తి గద?"

"మా ఇంట్ల ముసలమ్మ ఏడున్నది?"

నబీ బస్సు పోయిన వైపు చూశాడు. ముసలమ్మ మాట్లాడుతుంటే రొమ్ములోంచి వచ్చిన పిల్లికూతలు ఇప్పుడు చెవుల్లో మోగాయి.

"యా అల్లా! మనిషికి ఇస్తిని!"

టోపీ కూడా మరిచి పరుగెత్తి, నార్కట్‌పల్లి పోయే తరువాతి బస్సెక్కాడు. దారి పొడుగునా ఏడుపు ఆగలేదు. ఇత్తడి గోలి! రేగుపండంత! గొంతుకు అడ్డం పడితే ఆ పెద్దమ్మ ఏమైపోతుంది? తన పాడు నోరు ఒక నిండు ప్రాణం తీస్తుందా? నార్కట్‌పల్లిలో దిగి బీరప్ప ఇల్లెక్కడని కనిపించిన ప్రతివాణ్నీ అడుగుతూ, గొర్ల మందను చీల్చుకుంటూ వాకిట్లోకి ఉరికాడు.

మంచం మీద బక్కమ్మ బోర్లా ఉంది. తల కిందికి వేలాడుతోంది. పెద్దకొడుకు బీరప్ప కాళ్లు పైకెత్తి పట్టుకున్నాడు, చిన్నకొడుకు పర్వతాలు వీపు మీద చరుస్తున్నాడు. కోడలు గుర్వమ్మ తల కింద చాట పట్టుకొని, రాలే గోలి కోసం కళ్లార్పకుండా చూస్తోంది.

"ఆపుర్రి! నా గోలి మింగిందా?"

"ఎట్ల మింగుతది?" అని బీరప్ప విసుక్కున్నాడు. "పాతది తీసినంకనే ఎయ్యాలంటివంట. గా పాతది ఎంత కుదిపినా ఎల్తలేదు!"

నబీ అక్కడే నేల మీద చతికిలబడి బావురుమన్నాడు. బక్కమ్మ కొంగున ఉన్న ముడి విప్పి గోలిని చేతిలోకి తీసుకొని కళ్లకద్దుకున్నాడు. ఎక్కిళ్ల మధ్యే అసలు సంగతి చెప్పాడు.

బక్కమ్మ లేచి కూర్చుంది. "అంటె నేను బాయిలర్నా? సొట్టలు చూస్తివా నాకు?"

"తప్పైంది అవ్వా!"

"తప్పైతె అయింది గని, కుదిపితె తెమడ తెగి దమ్ము జర అల్కగైంది రా. ఇంకోపారి కుదుపుమను."

నబీ వినలేదు. చెయ్యి పట్టుకొని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు గోలీలిచ్చి ఎలా వేసుకోవాలో ఓపికగా చెప్పాడు. అంతా విని బక్కమ్మ నబీ వైపు తిరిగింది. "కొడుకా, వీటికి గూడ బోర్లెయ్యాల్నా?"

ఆ తర్వాత నబీ బతికినన్నాళ్లూ, ఎవరు వచ్చి గోలి అడిగినా చెయ్యి పెట్టె మీదే ఉంచి, "మనిషికా, బాయిలర్‌కా?" అని అడిగేవాడు. వకీళ్లు నవ్వినా, ఐలేశం ఎగతాళి చేసినా అడగకుండా మాత్రం ఇవ్వలేదు. బక్కమ్మ మాత్రం బస్సు దిగుతూనే, "మనిషికే, కొడుకా!" అని కేకేసేది. నబీ కొలిమి ఆర్పి, చెప్పులేసుకొని, ఆమెను దవాఖానకు తీసుకుపోయేవాడు.