నా ప్లేటులో పచ్చని వెలుగు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. నేను మాత్రం ఒక్క ముక్క కూడా కలిపి చెప్పడం లేదు. దెయ్యాలంటే పకపకా నవ్వే రకాన్ని నేను. అలాంటిదాన్ని ఆ రాత్రి... కుర్చీలోంచి లేవలేకపోయాను.

శ్రీకాకుళం శివార్లలో మా ల్యాబు. కేన్సర్ మందును కంటికి కనబడని నానో రేణువుల్లో నింపి, నేరుగా గడ్డలోని కణాలకే చేర్చాలని మా తాపత్రయం. రేణువు పైన ఒక విటమిన్ అద్దుతాం. కేన్సర్ కణం ఆ విటమిన్ కోసం మొహం వాచి ఉంటుంది, గబుక్కున మింగేస్తుంది. మంచి కణం పట్టించుకోదు. మందు ఎక్కడికి చేరిందో తెలియాలని రేణువులో ఒక రంగు కలుపుతాం. మైక్రోస్కోపు కింద నీలి కాంతి వేస్తే అది పచ్చగా వెలుగుతుంది. మా అమ్మమ్మను కేన్సరే పొట్టన పెట్టుకుంది. నేనీ పనిలోకి వచ్చింది అందుకే.

పోలికకు మంచి కణాలు కావాలి. రక్తం ఇస్తానన్న స్నేహితురాలు రాలేదు. ఏం చేస్తాను... నా చేతికి నేనే సూది గుచ్చుకున్నాను. చేయకూడదు. అయినా చేశాను, ఎవరికీ చెప్పలేదు.

ఒక గాజు ప్లేటులో కేన్సర్ కణాలు, ఇంకోదాంట్లో నా రక్తంలోని కణాలు వేసి, రెండింట్లోనూ ఆ రేణువులు కలిపాను. రాత్రి పదకొండు దాటింది. మొదటి ప్లేటులో కేన్సర్ కణాలు పచ్చగా వెలిగాయి. ప్రాణం లేచి వచ్చింది. రెండోది పెట్టాను. నాది. చీకటిగా ఉండాలి.

వెలుగుతోంది...

ఒకటి కాదు. చూసిన ప్రతి కణమూ. ప్లేట్లు తారుమారు చేశానేమోనని మూత చూశాను. నా రాతే, నా గుర్తే.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. మైక్రోస్కోపు దీపం చల్లారుతూ టిక్... టిక్... మంటోంది. నీలి కాంతి లేకపోతే ఆ రంగు వెలగదు. వెలగకూడదు. భయం భయంగా కన్ను ఆనించాను.

పచ్చగా... అలాగే ఉంది.

తలుపు కిర్రుమంది. వాచ్‌మన్ అప్పన్న, చేతిలో టార్చి.

"కరెంటు పోనాది కదా పాపా, సీకట్లో ఏటి సేస్తన్నావు?"

"ఆ టార్చి ఆపి ఇందులోకి ఓసారి సూడు మావయ్యా."

వంగాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"పచ్చగా మెరుస్తన్నాయి. బాగున్నాయి. ఎవులివి పాపా ఇవి?"

మూత మీది నా గుర్తును అరచేత్తో కప్పేశాను.

కరెంటు వచ్చింది. మళ్లీ చూస్తే ప్లేటంతా చీకటి. నీలి కాంతి వేసినా చీకటే. మర్నాడు మళ్లీ నా రక్తంతోనే చేశాను. చీకటే. నా కళ్లు మోసం చేశాయనుకుందామంటే, అప్పన్న కళ్లకేమైంది? డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. రక్త పరీక్షలు, స్కానింగులు... అన్నీ బాగున్నాయన్నారు. అయినా మనసు ఊరుకోదు. ఆర్నెల్లకోసారి చేయించుకుంటూనే ఉన్నాను.

మొన్న అమ్మ నా మోచేతి దగ్గర సూది గుర్తు చూసింది.

"ఏటే, మాటిమాటికీ రగతం తీయించుకుంతన్నావు? నీకేటైనా ఉన్నాదేటే?"

"ఏటీ నేదమ్మా" అన్నాను.

నిజం చెప్పానో, అబద్ధం చెప్పానో... ఇప్పటికీ నాకు తెలియదు.