ముంగిస మనిషి మీద పెద్దమ్మ తీర్పు

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు: పాత ముంగిస మనిషిని మెచ్చేవాళ్లు, సినిమా అంటే ఏమిటో తెలియనివాళ్లు. మూడో రకం ఉండవచ్చునన్న అనుమానం కూడా నాకు రాలేదు. వనపర్తిలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతూ గోపాల్‌పేటలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండేవాణ్ణి. చదువు ప్రభావమో ఏమో, ఏ విషయమైనా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి చెబితే తప్ప నాకు తృప్తి ఉండేది కాదు. తెలియనివారి కోసం చెబుతున్నాను, ముంగిస మనిషి ఒక ఇంగ్లిష్ సూపర్‌హీరో. పిడుగు పడిన పొదలోంచి ఒక ముంగిసను కాపాడబోయి, దాని వేగమూ తెగువా తనకు అంటించుకున్నవాడు. గోధుమరంగు బట్టలు, కళ్లు వదిలి మూతి వరకు ముసుగు. తెలుగులో మాట్లాడే అతని సినిమాలు టీవీలో ఎన్నిసార్లు వచ్చేవో అన్నిసార్లూ మేము చూసేవాళ్లం. అంతా బాగానే నడుస్తుండగా ఆ సినిమా కంపెనీవాళ్లు పాత నటుణ్ణి ఇంటికి పంపి, కథను మొదటినుంచి, కొత్త కుర్రవాడితో మళ్లీ తీస్తున్నామని ప్రకటించారు. రీబూట్ అన్నారు. మొరాయించిన కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేస్తాం, సరే. శుభ్రంగా నడిచేదాన్ని ఎందుకు ఆపాలి? ఇదీ నా మొదటి పాయింటు.

మొదటి పాయింటు దగ్గరే నాకు అడ్డు తగిలేవాడు మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు. బస్‌స్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న షాపు అతనిది. ట్రైలర్ ఒక్కటి చూసి కొత్తవాడి పక్షం చేరిపోయాడు. "మీ పాతోడు ఫ్లెక్సీల బొమ్మ లెక్క నిలవడ్తడు తమ్మీ. కొడుతున్నడా, కొట్టించుకుంటున్నడా అని మొకం జూస్తె తెల్వదు," అనేవాడు. "అది గాంభీర్యం అన్నా," అనేవాణ్ణి నేను. "గాంభీర్యమా, మలబద్ధకమా?" అనేవాడతను. తర్వాత అన్నం దగ్గర మాటలుండేవి కావు. ఒకసారి అతను నా ఫోను ఛార్జింగ్ పిన్ను సగం విప్పి, "కొత్తోడే మంచోడని అను, బిగిస్త," అన్నాడు. (అనలేదు. ఫోను లేకుండా కాలేజీకి వెళ్లాను. అప్పట్లో దాన్ని సిద్ధాంతం అనుకున్నాను.)

మా ఇద్దరికంటే పెద్ద అభిమాని పెద్దమ్మ. కాకపోతే ఆమె ముంగిస మనిషిని ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. టీవీ ముందు కూర్చుని పల్లికాయలు ఒలుస్తూ సినిమా మొత్తం చెవులతోనే చూసేది. హీరోకు తెలుగులో గొంతు ఇచ్చిన ఆయన ఎవరోగాని, ఆ గొంతంటే ఆమెకు ప్రాణం. "ఎంత నిమ్మళంగ మాట్లాడ్తడు బిడ్డా నా ముంగిసోడు. మీరున్నరు, అన్నం పెట్టమనాలన్నా ఒర్లుతరు," అనేది. మా వాడలో ఆమె మాటకు విలువ ఎక్కువ. తోడికోడళ్ల తగువులూ పొలం గట్ల తగాదాలూ ఆమె దగ్గరకే వచ్చేవి. ఎవరేం చెప్పినా వినేది, కానీ గట్టు దగ్గరకు స్వయంగా వెళ్లి చూడకుండా తీర్పు మాత్రం చెప్పేది కాదు. చూపు మందగించాక ఆ పంచాయితీలు కూడా మానేసింది. చాయలో చక్కెరకు బదులు ఉప్పు వేసినన్నాళ్లు నవ్వుకున్నాం. ఒక పొద్దున రోడ్డు దాటుతూ ట్రాక్టరుకు ఎదురుగా వెళ్లిపోయింది. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు నుంచి మా నవ్వు ఆగిపోయింది.

వనపర్తి కంటి దవాఖానలో డాక్టరు, ఇంకా ముదరబెట్టకండి, తర్వాత కష్టమవుతుంది అన్నాడు. ఆపరేషన్‌కు రోజు కూడా చెప్పాడు. పెద్దమ్మ ససేమిరా అంది. ఎప్పుడో ఆమె మేనత్తకు కన్ను కోసిన తర్వాత ఉన్న కాస్త చూపూ పోయిందట. "మసకనన్న కనవడుతుంది గద, అది గూడ పోగొట్టుకోమంటరా?" అని అడిగింది. అన్న బతిమాలాడు, నేను అంకెలు వేసి కారణాలు చెప్పాను, ఆమె పల్లికాయలు ఒలుచుకుంది. చివరికి ఒకరోజు తనే బేరం పెట్టింది. "కొత్త సిన్మ వస్తుందట గద. నా ముంగిసోన్ని హాల్ల పెద్ద సప్పుడుల వినిపియ్యి. తెల్లారి మీరు ఏడికి రమ్మంటె ఆడికొస్త. కని, వాని గొంతే ఉండాలె." నేను వెంటనే విచారణ మొదలుపెట్టాను. ఫోన్‌లో అభిమానుల గ్రూపులన్నీ గాలించి, పాత గొంతు ఇచ్చిన ఆయనే కొత్త సినిమాలోనూ మాట్లాడాడని తేల్చుకుని, పెద్దమ్మకు హామీ ఇచ్చాను. సమాచారం నూటికి నూరుపాళ్లు సరైనది. ఎవరికి మాట్లాడాడన్నది మాత్రం నేను అడగలేదు.

ఆపరేషన్‌కు ముందురోజు మ్యాట్నీకి ముగ్గురం వనపర్తి వెళ్లాం. లైట్లు ఆరాయి. ఏదో కొండ, ఇనుప కుర్చీలో గుండు మనిషి ఒకడు. అతను నోరు తెరిచి, "ఈ కొండ మీద నా జనానికి నీళ్లు కావాలి," అన్నాడు. అంతే, పెద్దమ్మ చప్పట్లు కొట్టింది. "ఇగో, వచ్చిండు నా కొడుకు!" గొంతు అదే. మనిషి విలన్.

విలన్ పథకం ఏమిటంటే, కొండంత మోటర్లు పెట్టి పట్నం పక్కన పారే నదిని మొత్తం పైకి ఎత్తుకుపోవడం. సినిమా తీసినవాళ్ల ఉద్దేశంలో అది ఘోరమైన నేరం. కానీ వాళ్లు ఈ సినిమాను పాలమూరులో ఆడిస్తున్నామన్న సంగతి ఆలోచించలేదు. కృష్ణమ్మ పక్కనుంచే పోతుంటే గుట్టమీది చేను ఎండబెట్టుకున్నవాళ్లం మేము. (ఇప్పుడు నాగర్‌కర్నూల్ దగ్గర పంపుహౌస్‌లో నేను చేస్తున్న ఉద్యోగం కూడా అదే, నీళ్లు ఎత్తడం.) హాలులో జనం సందిగ్ధంలో పడ్డారు. మోటర్లు తిరుగుతుంటే ఎవరో ఈల వేశారు. కొత్త ముంగిస మనిషి వచ్చి వాటిని పేలుస్తుంటే వెనక వరుసలోంచి, "మోటర్లు కాలవెడ్తడేందిరా? లైను దీసేస్తె అయిపోతుండె గద!" అన్నాడొకాయన. "ఎవడా పోరడు? నీళ్లకు అడ్డం పడ్తుండు," అంది పెద్దమ్మ. "పెద్దమ్మా, ఆ పోరడే హీరో. నీవాడు విలన్," అని చెవిలో చెప్పాను. "నోర్ముయ్. వాని గొంతు నాకెరుక లేదా?" అంది. చివర్లో విలన్ నదిలో పడి మునిగిపోయాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ గడపలోనే కూలబడింది. "నీళ్లు తెచ్చేటోన్ని సంపిండ్రు గదరా. వాన్ని వినిపిస్తనని తోల్కవోయి, వాని సావు వినిపిస్తివి. మాట దప్పింది నువ్వు. నేను దవాఖానకు రాను." నేను కాగితం తీసుకుని రీబూట్ అంటే ఏమిటో, డబ్బింగ్ అంటే ఏమిటో బొమ్మ గీసి వివరించాను. (కళ్లు కనిపించని మనిషికి బొమ్మ గీసి చూపించిన ఏకైక డిప్లొమా విద్యార్థిని నేనే అయ్యుంటాను.) "మొకం వేరంటివి, గొంతొకటే అంటివి. నీ మాట ఎట్ల నమ్మాలె?" అంది. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. తెల్లారితే ఆపరేషన్, మనిషి కదిలేలా లేదు.

అప్పుడు మా అన్న ఒక పని చేశాడు. తువ్వాలు తీసి చేతుల్లో పట్టుకుని, గట్టు తగాదాతో వచ్చినవాడిలా ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. "అమ్మా, పంచాయితీ పెట్టుకుంటున్న. తమ్ముడు పాతోడు మంచోడంటడు, నేను కొత్తోడంట. ఇంట్ల అన్నం దినేటప్పుడు మాటల్లేవు. తీర్పు జెప్పు." నేను కూడా గబగబా ఎదురుగా కూర్చున్నాను. పెద్దమ్మకు చాలాకాలం తర్వాత వచ్చిన తగువు. తెలియకుండానే నిటారుగా కూర్చుంది. నా వాదన విన్నది, అన్న వాదన విన్నది. "ఇద్దరు నోరున్నోళ్లే. చూడందే ఎట్ల జెప్తరా?" అంది. అన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. అప్పుడు తను ఏమన్నదో ఆమెకే అర్థమైంది. "దొంగ నా కొడుకులారా," అంది. గడప పట్టుకుని లేచి, "తెల్లారి మొదటి బస్సెప్పుడు?" అని అడిగింది.

దవాఖానలో పేరు పిలిచినప్పుడు నా మణికట్టు పట్టుకుంది. "బిడ్డా, ఈ మసక గూడ వోతే?" అంది చిన్నగా. ఈసారి అంకెలు వేయకుండా ఆ చేతిమీద చెయ్యి వేశాను. కమ్మలు తీసి నా చేతిలో పెట్టింది. నర్సు చెయ్యి అందించబోతే, "నడుస్త," అని తనే లోపలికి వెళ్లింది. బయట బెంచీ మీద మా అన్న, నేను పక్కపక్కనే కూర్చున్నాం.

మొదటి కంటి కట్టు విప్పి ఇంటికి తెచ్చాక ఆమె మొదట చూసింది మా ఇంటి గోడను. "గిన్ని మరకలా! ఒక్కడన్న చెప్పిండారా?" తర్వాత నన్ను చూసి, "ఆ మీసమేంది, జర తియ్యి," అంది. రెండో కంటికి కూడా ఆపరేషన్ అయి, డాక్టరు టీవీ చూడవచ్చని చెప్పాక, ఒక ఆదివారం అన్న షాపు మూసి పాత సినిమా ఒకటీ, కొత్తదీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చాడు. వాడకట్టు ఆడవాళ్లు నలుగురు పోగయ్యారు. పాతది పెట్టగానే, "గీడా నా ముంగిసోడు! గీ కట్టెపుల్లా!" అని నోటిమీద చెయ్యి వేసుకుంది. అయినా ఓపికగా చివరిదాకా చూసింది. మధ్యలో అన్నం తిని కొత్తది చూసింది. పల్లికాయలు ముట్టలేదు.

తీర్పు ఇది: "గొంతు పాతోనిదే. దాంట్ల మాట లేదు. కని మనిషి కొత్తోడు. ఈడు దుంకేముందు ఈని కండ్లు జూసిండ్రా? భయమున్నది. భయపడుకుంటనే దుంకిండు. పాతోనికి భయం తెల్వనే తెల్వదు, తెల్వనోడు దుంకితె ఏం గొప్ప?"

అన్న తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. నేను మాత్రం వెంటనే లేచి, ఇది అన్యాయమని, కనీసం మూడు అభ్యంతరాలు ఉన్నాయని మొదలుపెట్టాను. "పోరా, తీర్పయింది," అని పెద్దమ్మ చాయ పెట్టడానికి వెళ్లింది. నేను ఆమె వెంటే వంటింట్లోకి వెళ్లాను. రెండో అభ్యంతరం మధ్యలో నేనుండగా, ఆమె డబ్బాలోంచి చక్కెర తీసుకుని, కళ్ల దగ్గరకు తెచ్చుకోకుండానే, చాయలో వేసింది. నా కళ్లముందే జరిగినా నేను అది పట్టించుకోలేదు. ముంగిస మనిషి ఫైటింగులో కెమెరా కోణాల గురించి చెబుతున్నాను. అప్పటి ఆ డిప్లొమా కుర్రవాణ్ణి, అంటే నన్నే, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. భుజం పట్టుకుని ఇటు తిప్పి, ఒరేయ్, కాసేపు ఆపి ముందు ఆమెను చూడరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. ఇంకా మూడోది మిగిలి ఉంది వాడికి.